కింద పడుకోబెట్టమన్న మనిషి

మా అబ్బాయి పనిచేసే కంపెనీలో సేఫ్టీ వారమని పోయిన మార్చిలో ఇంటివాళ్లను కూడా పిలిచారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పులిహోర పొట్లాలు. అన్నీ అయ్యాక టై కట్టుకున్న ఒకతను బల్ల మీద రబ్బరు బొమ్మను పెట్టాడు. నడుము దాకానే ఉంది, చేతుల్లేవు. పక్కన ఒక ఎర్ర డబ్బా. మూత తీస్తే అదే మాట్లాడుతుందట, ఆగిన గుండెకు కరెంటు పెట్టాలో వద్దో అదే చెబుతుందట. అతను బొమ్మ రొమ్ము మీద రెండు చేతులూ వేసి నొక్కుతుంటే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా పక్కనున్న కోడలూ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బల్ల మీద ఎందుకు పెట్టినవయ్యా, కింద పెట్టు అని అరవబోయి ఊరుకున్నాను.

ఆ మాట నాది కాదు. అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్లు లేవకముందు, మేమింకా ఊళ్లోనే ఉన్న రోజుల్లో, మా ఇంటికి వచ్చిపోయిన ఒకామెది. పేరు చెప్పే ఉంటుంది, ఎవరు గుర్తుపెట్టుకున్నారు? బొమ్మామె అనేవాళ్లం. కోస్తా వైపు మనిషి. భర్తకు పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగమని ఇటు వచ్చి, ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, రామచంద్రాపురంలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. పొడుగు మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేది. ఎవరితో మాట్లాడినా ముఖం చూసేది కాదు, మెడ కింద, ఊపిరి ఆడే చోట చూసేది. చూపు అక్కడే ఆగిపోతే మనకేదో కాబోతోందని గుబులు పుట్టేది.

చంకలో ఒక బొమ్మ ఉండేది. పెద్ద బాలీసులో పాత చీరల పీలికలు కూరి, రొమ్ము దగ్గర మాత్రం కొబ్బరి పీచు దట్టించి, నొక్కితే దిగి మళ్లీ పైకి లేచేలా తానే కుట్టుకుంది. తల ఉంది, ముఖం లేదు. ఒంటికి నీలం గళ్ల చొక్కా, మెడ దాకా గుండీలు. ఆ చొక్కా ఎవరిదో మేం అడక్కముందే చెప్పింది.

"మా ఆయనది. ఆ రోజు ఒంటి మీద ఉన్నదే."

చచ్చిన మనిషి బట్టలు మేం ఊరి బయట పారేసి వెనక్కి చూడకుండా వస్తాం. ఈమె ఉతికి, ఇస్త్రీ చేసి, బొమ్మకు తొడిగి ఊరూరా తిప్పుతోంది. మా అత్త ఆ మాట విని లోపలికి పోయి నిమ్మకాయలు తెచ్చి గుమ్మానికి కట్టింది.

ఆమెను పిలిచింది మా పొదుపు సంఘమే. గుడ్డ బొమ్మ కుట్టిందంటే కుట్టుపని నేర్పుతుందేమో అనుకున్నాం, మా తెలివి అలా ఉంది. వచ్చి కూర్చున్నాక తెలిసింది, ఆమె నేర్పేది ఆగిపోయిన గుండెను బయటి నుంచి నొక్కి నడిపించడమని.

భర్త సంగతి ఒక్కసారే చెప్పింది, బియ్యం ఏరుతున్నంత మామూలుగా. "బస్‌స్టాపులో కూలబడ్డాడమ్మా. చుట్టూ ఉన్నవాళ్లంతా మంచివాళ్లే. ఒకాయన ఫిట్సనుకుని తాళాలగుత్తి గుప్పిట్లో పెట్టాడు. ఒకాయన ఉల్లిపాయ నలిపి వాసన చూపించాడు. ఇంకొకాయన నోట్లో నీళ్లు పోశాడు. ఆటోలో నిటారుగా కూర్చోబెట్టి చెరో పక్కా పట్టుకున్నారు, పడిపోకుండా. ఎవరైనా కింద పడుకోబెట్టి గుండె మీద నొక్కారా అని ఆస్పత్రిలో అడిగారు. నొక్కితే బతికేవాడా అన్నాను. బతికేవాడేమో అన్నారు."

అక్కడ ఆగి మా అందరి మెడల కింద ఒకసారి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే మాకు కొంచెం ధైర్యంగా ఉండేది. ఆ తర్వాత అదే ఆస్పత్రిలో నర్సులకు నేర్పుతుంటే వెనక నిలబడి నేర్చుకుందట. పొమ్మన్నా పోలేదట.

ఏ ఇంటికి వచ్చినా ముందు నేల చూసేది. "ఇక్కడ ఒక మనిషి నిలువునా పడుకోవడానికి చోటుందా?" అని అడిగేది. బల్ల అడ్డముంటే జరిపించేది. మంచం మీద ఎప్పుడూ కూర్చోలేదు, మంచమంటే ఆమెకు పగ. "గుండె ఎడమ పక్క అనుకుని అక్కడ నొక్కకండి. రొమ్ముల నడుమ ఎముక మీద. మోచేతులు వంచొద్దు. నోటికి నోరు పెట్టడం రోతనిపిస్తే మానెయ్యండి, చెయ్యి మాత్రం ఆపకండి." మా ఊరి మల్లేశం, బోరు మోటార్లు బాగుచేసే మనిషి, ఒకసారి గడప దగ్గర నిలబడి, "నొక్కితే సచ్చిపోతే ఎవలు జిమ్మేదారి?" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. "ఊపిరి లేనివాడు చచ్చినట్టే నాయనా. చచ్చినవాడిని నువ్వు మళ్లీ చంపలేవు. చెయ్యి వెయ్యి" అంది. ఈ మాట ఆమె రోజుకు ఎన్నిసార్లు అనేదో.

ఎంత వేగంతో నొక్కాలో మాకు పట్టుబడేది కాదు. లెక్కపెట్టమంటే నవ్వులు. ఒకరోజు మా ఏరాలు, అంటే మా పెద్ద తోడికోడలు, నేను ఒకే రోట్లో ఎదురెదురు నిలబడి కారం దంచుతున్నాం. ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడుతుంది. ఒకరు అలసి ఆగినా దెబ్బ ఆగదు, రెండోవాళ్లు అందుకుంటారు. ఘాటుకు ముక్కు మూసుకోవాల్సిన చోట బొమ్మామె చాలాసేపు కళ్లప్పగించి నిలబడింది. "ఇదేనమ్మా. ఇంతే. మీకు రాదన్నదెవరు?" అంది. ఆమె నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

కానీ మాకున్న చిక్కు చేతులతో కాదు. మా దగ్గర ప్రాణం పోతోందని తేలిపోయినప్పుడే మనిషిని మంచం మీంచి నేల మీదికి దించుతారు. కిందికి దించిండ్రంట అంటే ఇక అయిపోయిందని అర్థం, చుట్టాలు బయల్దేరతారు. కొనఊపిరితో ఉన్నా సరే, ఆశ ఉన్నంతసేపు మంచం మీదే ఉంచుతారు. ఈమె వచ్చి, ముందు కిందికి దించండి అంటోంది. మా అత్తకు ఒళ్లు మండేది. "మంచం మీదున్నోన్ని కిందికి దించమంటది. దాని నోట్ల మన్నువడ. యముడు గూడ జెర ఆగుతడు, ఇది ఆగదు."

పైగా మా వైపు బాణామతి భయం. గిట్టనివాళ్లు బొమ్మ చేసి మంత్రం పెడితే మనిషి మంచాన పడతాడని నమ్మకం. అనుమానం ఎవరి మీద పడితే వాళ్లను కట్టేసి పళ్లు పీకేవాళ్లు, పళ్లు లేకపోతే మంత్రం నోట పలకదట. జొన్న చేల మధ్య కంపెనీలు లేచి, సాయంత్రం గాలి మళ్లితే కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే రోజులవి. బర్రె చచ్చినా, పిల్లకు ఫిట్స్ వచ్చినా సగం మంది కంపెనీ నీళ్లనేవాళ్లు, సగం మంది బాణామతి అనేవాళ్లు. అలాంటి ఊరికి ఈమె చంకలో బొమ్మతో వచ్చింది. ఏం ధైర్యమో, ఏం తెలియనితనమో.

ఒకసారి ఆమె నేర్పి వెళ్లిన మర్నాడు పొద్దున ఊళ్లో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె. ఇంకేముంది. "ఆమె ఆడ బొమ్మ గుండె మీద గుద్దుతది, ఈడ మనిషి గుండె వట్టుకుంటది" అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. వినడానికి ఎంత బాగా అతుక్కుందో చూడండి. నాకే ఒక్క క్షణం నిజమేమో అనిపించింది. బస్సెక్కి రామచంద్రాపురం పోయి, అక్కా, ఇగ మా ఊరికి రావద్దు, మంచిగ లేదు అని చెప్పాను. ఆమె బొమ్మ చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. దారం కొరికి, "మీ ఆయనకేమన్నా అయితే ఎవరు చూస్తారు, నువ్వు సరిగ్గా నేర్చుకున్నావా?" అంది. ఆమెతో వాదం పెట్టుకునేవాళ్లు లేరు. ఇప్పుడు ఆమె లేదు, చనిపోయి రెండేళ్లయిందని, బెజవాడ దగ్గర కూతురింట్లో పోయిందని ఈమధ్యే తెలిసింది.

అప్పట్లో నేను వద్దని చెప్పినా, ఆ తర్వాతి ఆదివారమే వచ్చింది. మా వాకిట్లో చాప పరిచి బొమ్మను పడుకోబెట్టింది. వచ్చిన ఆడవాళ్లు నలుగురైదుగురే. మా ఆయన కంపెనీలో డ్యూటీకి పోయాడు. అప్పుడు మా బావ మగవాళ్లను వెంటేసుకుని వచ్చాడు. మా బావ అంటే మా ఆయన అన్న, ఇంటికి పెద్ద, ఊళ్లో మాట చెల్లే మనిషి. నేను కొంగు తల మీదికి లాక్కుని గోడ పక్కకు తప్పుకున్నాను. చిన్నకోడలు బావ ఎదుట నిలబడకూడదు, ఆయన కూర్చున్న మంచాన్ని తాకకూడదు. ఆ ఇంట్లో కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన ముఖం నేను తిన్నగా చూసింది లేదు.

"లే. బొమ్మ దీస్కొని నడువు. మల్ల ఈ ఊర్ల కనవడితే బాగుండదు" అన్నాడాయన.

బొమ్మామె లేవలేదు. ఆయన మెడ కింద చూస్తోంది. "మీకు చెమటలెందుకు పడుతున్నాయి? ఎడమ చెయ్యి లాగుతోందా?" అంది.

లాగుతోంది. పొద్దుటి నుంచి లాగుతోందని, గ్యాసని సోడా తాగాడని మాకు తర్వాత తెలిసింది. ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయింది. వంగి బొమ్మను చొక్కా పట్టి ఎత్తి గోడకేసి కొట్టాడు. రెండడుగులు వేసి, అదే గోడకు ఆనుకుని, జారి కింద కూర్చున్నాడు. తల పక్కకు వాలిపోయింది.

చూసినవాళ్లందరికీ ఒకటే అర్థమైంది. బొమ్మను కొట్టాడు, ఆయన కూలాడు. ఇంక రుజువేం కావాలి?

మగవాళ్లు ఆయనను ఎత్తి నులకమంచం మీద వేశారు. ఎవరో గుప్పిట్లో తాళాలు పెట్టారు. అత్త చెంబుతో నీళ్లు నోట్లో పోస్తే పక్క నుంచి కారిపోయాయి. బొమ్మామె గుంపును తోసుకుని వచ్చి ఆయన ముక్కు దగ్గర చెంప ఆనించింది. "ఊపిరి లేదు. కింద పడుకోబెట్టండి. మంచం మీద పని కాదు, నొక్కితే కిందికి పోతుంది."

"నా కొడుకును దించుతరా? ఆడు సచ్చిండా?" అని అత్త మంచం పట్టె పట్టుకుంది. మల్లేశం బొమ్మామె రెక్క పట్టి వెనక్కి లాగాడు. అందరూ అరుస్తున్నారు, జీపు కోసం ఎవరో ఉరికారు, మంచం మీద ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. నేను గోడ పక్కనే ఉండిపోయాను.

అప్పుడు మా ఏరాలు వచ్చింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. మంచం కోడు రెండు చేతులా పట్టి ఎత్తి, మంచాన్ని ఒక పక్కకు ఒంచేసింది. ఆయన బస్తాలాగా నేల మీదికి దొర్లాడు. అత్త కేక పెట్టి కూలబడింది.

"నా పెనిమిటి. నేనే దించిన. పాపం నాకే తగల్నియ్యుండ్రి" అంది ఏరాలు. మొగుణ్ని చేతులారా కిందికి దించిన ఆడదాన్ని ఏమనాలో ఎవరికీ తోచలేదు.

ఆ కాస్త సందులో బొమ్మామె ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె ఆగలేదు. చెమటతో జుట్టు ముఖానికి అతుక్కుంది, చేతులు తేలిపోతున్నాయి. తల ఎత్తకుండానే, "రోకలి అందుకో" అంది. నన్నే. బావ రొమ్ము మీద చేతులు వెయ్యాలి, ఊరంతా చూస్తుండగా. సిగ్గో భయమో ఇప్పుడు చెప్పలేను, కొంగు జారిపోయింది, పోతే పోయింది. అందుకున్నాను. నేను అలసితే ఏరాలు, ఏరాలు అలసితే ఆమె. దెబ్బ ఆగనియ్యలేదు. జీపు వచ్చేసరికి ఆయన గొంతులోంచి గురక వంటి చప్పుడొకటి వచ్చింది. అది ప్రాణం వస్తున్న చప్పుడో పోతున్న చప్పుడో మాకు తెలియదు. మగవాళ్లు ఆయనను జీపులో పడుకోబెట్టుకుని పోయారు, మమ్మల్ని ఎక్కనియ్యలేదు.

జీపు దుమ్ము అణగకముందే మిగిలినవాళ్లు ఆమెను, ఆమెతో పాటు మమ్మల్నిద్దరినీ, వడ్లకొట్టులోకి తోసి గొళ్లెం పెట్టారు. బొమ్మను వాకిట్లో పెట్టి కిరసనాయిలు పోసి కాల్చారు. కొబ్బరి పీచు మండిన పొగ కిటికీలోంచి మా మీదికి వచ్చింది. "ఆయిన పానం వోయిందని కబురొస్తే నీ పానం గూడ ఈన్నే" అని బయటి నుంచి అరిచారు. మల్లేశం ఇంటికి పోయి పట్కారు తెచ్చాడు. కిటికీ ముందు అరుగు మీద కూర్చుని దాన్ని తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఆ టక్ టక్ చప్పుడు లోపలికి వినబడుతూనే ఉంది.

"అక్కా, మా బావ బతుకుతడా?" అన్నాను.

"చెప్పలేను. చెయ్యి వేశాం, అంతే."

"బతకకపోతే నిన్ను వీళ్లు ఇడువరు" అంది ఏరాలు.

"తెలుసు. నాకూ భయంగానే ఉందమ్మా" అంది. పొగ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇందాక నువ్వు మోచేతులు వంచావు" అంది.

ఏమనాలి ఆ మనిషిని? చావు అరుగు మీద కూర్చుని ఉంటే నా మోచేతుల సంగతి.

"లే. ఆ బస్తా మీద చెయ్యి. రేపు నేను లేకపోతే నీకు ఎవరు చెబుతారు?"

వడ్ల బస్తా పడేసి నా చేత నొక్కించింది. భుజాలు సరిచేసింది. ఏరాలి చేత కూడా చేయించింది. మొగుడు ఉన్నాడో లేడో తెలియని మనిషి, కళ్లనీళ్లు బస్తా మీద పడుతుంటే నొక్కుతూనే ఉంది. ఆ చప్పుడు బయటికి వినబడింది. "లోపట మల్ల గుద్దుతుంది" అని ఎవరో కేక వేశారు. గొళ్లెం ఊడింది. మల్లేశం ముందు, వెనక మిగతావాళ్లు. ఇద్దరు ఏరాలిని, నన్ను గోడకు అదిమిపెట్టారు. మల్లేశం ఆమె దవడ పట్టుకుని పట్కారు నోట్లో పెట్టాడు. పంటికి దొరకక పెదవిని కరిచింది పట్కారు. నెత్తురు గడ్డం మీదికి కారింది. ఆమె అతని మెడ కింద చూస్తోంది.

స్కూటర్ చప్పుడైంది. మా ఆయన. కబురంది కంపెనీ నుంచి నేరుగా ఆస్పత్రికి పోయి అక్కడి నుంచి వస్తున్నాడు. వాకిట్లో నుంచే మొత్తుకుంటూ వచ్చాడు.

"అన్న ఉన్నడు. మాట్లాడిండు. పక్కటెముకలు ఇరిగినయట, మనిషి ఉన్నడు. ఆమెను ఇడువుండ్రి."

మమ్మల్ని అదిమిపెట్టినవాళ్లు చేతులు తీశారు. ఏరాలు గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది, ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మల్లేశం చెయ్యి దానంతటదే దిగిపోయింది. బొమ్మామె కొంగుతో పెదవి అదిమి పట్టుకుని, కొట్టు నిండా నిలబడ్డ మగవాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. ఇక పరుగెత్తి బస్సెక్కుతుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని.

"ఇంతమంది వచ్చారు. మళ్లీ ఎప్పుడు దొరుకుతారు, కూర్చోండి" అంది. పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు. బస్తాను కాలితో మధ్యకు జరిపి, మల్లేశం మణికట్టు పట్టుకుని దాని ముందు కూర్చోబెట్టింది. అతను బిత్తరపోయి ఆమె ముఖంలోకి చూశాడు.

"పట్కారు పక్కన పెట్టు నాయనా. దీనికి రెండు చేతులూ కావాలి."

మల్లేశం పట్కారును గడప అవతల పెట్టి వచ్చి కూర్చున్నాడు.